కిన్నెర మెట్లు, చేతిఫోను మెట్లు

పాలమూరు పల్లెలలో దీపాలు పెట్టు వేళకు అనేక గృహములలో వినవచ్చు సంభాషణ యొకటి కలదు. ముంబయిలోనో, పుణెలోనో కట్టడపు పనికి వలసపోయిన కుమారుడు ఇంటికి ఫోను చేయును. "అవ్వా, దసరకు వస్త. ఇనవడుతుందా?" అని అతడడుగును. "సప్పుడు ఇనవడుతుంది కొడుకా, మాట తెలుస్తలేదు" అని తల్లి బదులు చెప్పును. ప్రక్కనున్న మనుమడు ఆమె చేతిలోని ఫోనును పుచ్చుకొని, అంచుననున్న మీటను పదేపదే అదిమి, ధ్వనిని కడపటి మెట్టు వరకు పెంచి, "ఇగ ఇను నాయనమ్మా" అని మరల చేతికిచ్చును. సప్పుడు చెవి గింగురుమనునంతగా పెరుగును. మాట మాత్రము అప్పటికిని తెలియదు. కుమారుడు దసరాకు వచ్చుచున్నాడో, రాలేనని చెప్పుచున్నాడో ఎరుగక ఆ ముసలితల్లి "మంచిది బిడ్డా" అని ఊరకుండును.

దేశములో ఎక్కడ ఆనకట్ట కట్టినను, ఎక్కడ కాలువ త్రవ్వినను పాలమూరు కూలీల చెమట అందులో నుండునని ప్రసిద్ధి. వారు పోవు దూరము పెరిగినకొలదియు ఇంటికిని వారికిని నడుమ ఫోనొక్కటే వంతెన యైనది. ఒకప్పుడు ఉత్తరము వచ్చెడిది. దానిని చదివి వినిపించుటకు బడిపంతులు కావలసెడివాడు. నేడు ఉత్తరమును లేదు, చదివిపెట్టు పంతులును అక్కరలేదు. చెవి యొక్కటి కావలెను. ఆ చెవికి తగినట్లు ఫోనును సవరించుకొను విద్య మాత్రము ఫోనుతోపాటు ఇంటింటికి చేరలేదు. మీట యొక్కటే తెలియును. దానిని పైకి నొక్కుటయే తెలియును.

ఆ మీట వెనుకనున్న సంగతులు గ్రహించుటకు దూరదేశపు ప్రయోగశాలలకు పోనక్కరలేదు. పాలమూరులోనే వానికి చక్కని ఉపమానము కలదు. అది పన్నెండు మెట్ల కిన్నెర. నాగర్‌కర్నూలు జిల్లా లింగాల మండలములోని అవుసలికుంటకు చెందిన దర్శనం మొగులయ్య ఆ వాద్యమును చేతబట్టి, పండుగ సాయన్న వంటి పాలమూరు వీరుల కథలను పాడి, 2022లో పద్మశ్రీ పురస్కారమునకు పాత్రుడయ్యెను. అంతకు ముందటి యేట ‘భీమ్లా నాయక్’ చిత్రగీతములో ఆయన కంఠము వినవచ్చినప్పుడు, కిన్నెర పేరైన నెరుగని యువకులు చేతిఫోనులలోనే ఆ కంఠమును విని, ఇదెక్కడి పాట యని విచారింపసాగిరి. వాద్యము క్రొత్తది గాదు. పాల్కురికి సోమనాథుని బసవపురాణములో కిన్నర బ్రహ్మయ్య కథ కలదు గనుక తెలుగువారికి దీనితో పరిచయము ఏడువందల ఏండ్లకు తక్కువది గాదు.

కిన్నెర నిర్మాణమును గమనింపుడు. వెదురు దండి, దానిపై మైనముతో నిలిపిన మెట్లు, మెట్లమీదుగా సాగు తంత్రులు, దండి క్రింద ఎండిన సొరకాయ బుర్రలు. వాద్యకారుడు మెట్టు మార్చినచో స్వరము మారును, అనగా శ్రుతి హెచ్చుటయో తగ్గుటయో జరుగును. సద్దు పెద్దదగుట, చిన్నదగుట మెట్టుపై ఆధారపడదు. అది తంత్రిని మీటు వ్రేలి బలమును బట్టి యుండును. ఇక బుర్రలు. అవి తమంతట తాము శబ్దమును పుట్టింపవు. తంత్రి కదలికను గ్రహించి, అందులో తమ కడుపునకు ఒదిగిన నాదములను ఎక్కువగాను, మిగిలినవానిని తక్కువగాను వెలికి పంపును. బుర్ర మార్చి చూడుడు. తంత్రి అదే, వ్రేలు అదే, మెట్టు అదే, నాదము వేరు. కిన్నెర చేసినవాడు స్వరము, బలము, గుణము అను మూడింటిని విడివిడిగా ఎరిగినవాడన్నమాట. చేతిఫోను వాడువారిలో అధికులు ఒక్క బలమునే ఎరుగుదురు.

మన పలుకుబడియు ఈ విషయమున కొంత చిక్కు తెచ్చిపెట్టినది. "గొంతు పెంచు" అన్నప్పుడు బలము పెంచుమనియు అర్థమే, శ్రుతి పెంచుమనియు అర్థమే. తరగతిలో బాలురు మాటవినని వేళ ఉపాధ్యాయుడు రెండింటిని కలిపి పెంచును. నాలుగవ గంట ముగియుసరికి ఆయన గొంతు బొంగురుపోవును. బాలురు మాత్రము మొదటి గంటలో నున్నట్లే యుందురు. కొన్ని ఫోనుల అమరికలలో ‘ధ్వని’ అని తెలుగున వ్రాసియుండుట చూచి ఆలంకారికులు ఉలికిపడనక్కరలేదు. ఆనందవర్ధనుని ధ్వని వేరు. ఇది చెవికి మాత్రమే సంబంధించినది.

ఫోను అంచున మీట ఒక్కటే యైనను లోపల ప్రవాహములు పలు తెరగులు. ఎవరో పిలుచుచున్నారని మ్రోగు గంట యొకటి. సందేశము వచ్చినదని తెలుపు చిరుసద్దు ఒకటి. పాటలకును, పాఠములకును, చలనచిత్రములకును సంబంధించినది, మీడియా యనబడునది, ఒకటి. సంభాషణలో ఎదుటివాని గొంతు ఒకటి. తెల్లవారుజామున లేపు అలారము ఒకటి. చెరువొక్కటే, తూములు వేర్వేరు. ఒక తూము మూసినంత మాత్రమున మరియొకటి మూసికొనదు. 2018లో వెలువడిన ఆండ్రాయిడ్ తొమ్మిదవ రూపము నుండి అంచు మీట సాధారణముగా మీడియాను కదల్చును. అంతకు ముందు అది గంటను కదల్చెడిది. ఈ మార్పు నెరుగని తెలుగు పండితుడు తరగతిలో అడుగిడుటకు ముందు మీటను అట్టడుగు వరకు దించి, నిశ్చింతగా మనుచరిత్రము నారంభించును. పాదలేపము కరిగి ప్రవరుడు హిమాలయమున దిక్కుతోచక నిలిచిన ఘట్టమునకు వచ్చుసరికి జేబులోనుండి సినిమా పాట బిగ్గరగా మ్రోగును. ఆనాటికి ప్రవరుడు ఇల్లు చేరుట కల్ల.

దీనికి చికిత్స సులభమే. మీట నొక్కినప్పుడు తెరపై కనబడు గీటు దాపుననున్న గుర్తును తాకినచో అన్ని తూములును వేర్వేరు గీట్లుగా బయటపడును. దేనికి దానిని దించుకొనవచ్చును, ఎత్తుకొనవచ్చును. రోజును ఈ పని చేయుటకు మరచువారికి టాస్కర్, మాక్రోడ్రాయిడ్ వంటి యాప్‌లు కలవు. బడి గంటల వేళకు గంట తూమును మూయుమనియు, సాయంత్రము తెరువుమనియు ఒక్కసారి చెప్పి యుంచినచో అవి మరువవు.

మెట్ల లెక్క యొకటి మిగిలియున్నది. చాల ఆండ్రాయిడ్ ఫోనులలో మీడియా తూమునకు పదునైదు మెట్లు. కిన్నెరకంటె మూడు ఎక్కువయే గాని చాలవు. ఇంటనందరు నిదురించుచుండ పరీక్షకు చదువుకొను విద్యార్థికి మొదటి మెట్టు తక్కువ, రెండవ మెట్టు ఎక్కువ. శామ్‌సంగ్ సంస్థ తన ఫోనుల కొరకు చేసిన సౌండ్ అసిస్టెంట్ అను యాప్‌లో ఈ మెట్లను చిన్నవిగా కోసి 150 వరకు చేసికొను వీలు కలదు. పాటల యాప్‌నకొక స్థాయిని, పాఠముల యాప్‌నకు వేరొక స్థాయిని నిలుపుకొనుటకును అందులో ఏర్పాటున్నది. పాఠము విని ముగించి పాట పెట్టగానే చెవి అదరిపోవు బాధ అట్లు తప్పును.

మెట్లన్నియు సమానమైన ఎత్తుగలవని మాత్రము తలపరాదు. చెవి కూడికల లెక్కను గాక హెచ్చవేతల లెక్కను పాటించును. ఒక్క దీపమున్న గదిలో రెండవ దీపము వెలిగించినచో వెలుగు తెలియును. నూరు దీపములున్న చోట నూటయొకటవది తెలియదు. శబ్దమును గొలుచు డెసిబెల్ మానము ఈ లెక్కమీదనే ఏర్పడినది. దానికి ఆ పేరు 1876లో టెలిఫోనునకు పేటెంటు పొందిన అలెగ్జాండర్ గ్రాహం బెల్‌ను బట్టి వచ్చినది. బెల్ తల్లికి వినికిడి మందము. ఆయన భార్య మేబెల్ బాల్యముననే వినికిడి కోల్పోయినది. ఆయనయో, బధిరులకు మాట నేర్పు ఉపాధ్యాయుడు. వినబడని వారి నడుమ బ్రదికినవాని చేత వినిపించు యంత్రము పుట్టినది. ఆ డెసిబెల్ మానములో 3 పెరిగినచో శబ్దశక్తి రెండింతలగును. 10 పెరిగినచో పదింతలగును. అయినను చెవికి ఆ పదింతల శక్తి సుమారు రెండింతల సద్దుగా మాత్రమే తోచును. మోసమంతయు ఇక్కడనే యున్నది. "కొంచెమేగా పెంచినది" అని విద్యార్థి యనుకొను వేళకు చెవిలోనికి పోవు శక్తి పదింతలై యుండవచ్చును.

సప్పుడు వినబడుచున్నది గాని మాట తెలియుటలేదని ముసలితల్లి యన్నది గదా. వ్యాకరణము చదివినవారు ఈ వాక్యమును అందరికంటె త్వరగా గ్రహింపగలరు. మన లాక్షణికులు అచ్చులను ప్రాణములనియు, హల్లులను ప్రాణులనియు వ్యవహరించిరి. పలుకులోని బలములో అధికభాగము నిజముగనే అచ్చులది. అది చాలవరకు వెయ్యి హెర్ట్జ్‌కు లోబడిన పౌనఃపున్యములలో నుండును. కాని పాలు, కాలు, తాలు, చాలు అను నాలుగు మాటలను వేరుచేయునది మొదటి హల్లు మాత్రమే. పరుషములగు క చ ట త పలు క్షణకాలము పేలి మాయమగును. ఊష్మములగు శ ష సలు సన్నని గాలి రాపిడి. వాని బలము తక్కువ, పౌనఃపున్యము హెచ్చు. సకారపు సద్దులో ముఖ్యభాగము 4000 హెర్ట్జ్‌కు పైననే యుండును. వయసు మళ్లినకొలది చెవి మొదట పోగొట్టుకొనునవి ఈ హెచ్చు పౌనఃపున్యములే. "దసరకు వస్త" అని కుమారుడు పలికినప్పుడు అందులోని అచ్చులన్నియు తల్లి చెవిని చక్కగా చేరును. సకారములు రెండును జారిపోవును. వానితోపాటు పండుగయు జారిపోవును.

చెవి దోషమునకు తోడు దారి దోషము. పాత టెలిఫోను పద్ధతిలో 300 మొదలు 3400 హెర్ట్జ్ వరకుగల నాదములే పంపబడును. అనగా సకారమునకు కావలసిన భాగము ముంబయినుండి బయలుదేరక మునుపే తెగిపోవును. పడుచుచెవులకు సైతము ఫోనులో ‘స’కును ‘ఫ’కును భేదము తెలియక, పేరులోని ఒక్కొక్క అక్షరమును విడదీసి చెప్పవలసి వచ్చుట ఇందుచేతనే. 2016 తరువాత మన దేశమున విస్తరించిన వోల్టీ పద్ధతిలో సుమారు 50 మొదలు 7000 హెర్ట్జ్ వరకు పంపు వీలు కలదు. ఆ వీలు రెండువైపుల ఫోనులకును ఉండవలెను. ఒకరి చేత పాతకాలపు ఫోనున్నచో ఆ మేలు ఇద్దరికిని లేదు.

ఇట్టి వేళ మీట పెంచుటవలన కలుగునదేమి? ప్రాణములకే మరింత ప్రాణము వచ్చును. అచ్చులు గర్జించును, హల్లులు వాని నీడలో అణగిపోవును. కావలసినది సద్దును పెంచుట గాదు, పంచుట. ఎక్కువైన చోట తగ్గించి, తక్కువైన చోట కూర్చుట.

పంచుట క్రొత్త విద్య గాదు. పూర్వపు రేడియోపెట్టెలకు సద్దు పెంచు మరతోపాటు టోను మర యొకటి యుండెడిది. వార్తలు వచ్చు వేళ దానినొక వైపునకు, హరికథ వచ్చు వేళ మరియొక వైపునకు త్రిప్పి యెరిగిన వృద్ధులు నేటికిని కలరు. 1933లో బెల్ ప్రయోగశాలలకు చెందిన ఫ్లెచర్, మన్సన్ అను శాస్త్రజ్ఞులు, సద్దు తగ్గినకొలదియు చెవి మంద్రనాదములను సరిగా పట్టుకొనజాలదని కొలిచి చూపిరి. మెల్లగా పెట్టి విన్న డప్పు పేలవముగా తోచుటకు కారణమదియే. నేటి ఈక్వలైజరు యాప్ చేయునది ఆ టోను మర పనియే గాని, ఒక్క మరకు బదులు ఐదో పదియో మరలుండును. ఆండ్రాయిడ్‌లో సామాన్యముగా కనబడునవి ఐదు పట్టీలు: 60, 230, 910, 3600, 14000 హెర్ట్జ్. మొదటి దానిలో డప్పు దెబ్బ యుండును, రెండవ దానిలో పురుషకంఠపు గాంభీర్యము, మూడవ దానిలో అచ్చుల నిండుదనము. పరుషముల పదునును, ఊష్మముల ఆరంభమును నాలుగవ దానిలో నుండును. ఐదవది తాళముల తళుకునకు పనికివచ్చును గాని మాటకు దానితో అంతగా పనిలేదు.

పాఠము వినగోరువాడు 60, 230 పట్టీలను కొంత దించి, 3600 పట్టీని కొంత ఎత్తి, అటుపిమ్మట మొత్తము సద్దును రెండు మెట్లు తగ్గించి చూడవలెను. తగ్గించిన తరువాతనే మాట మునుపటికంటె తేటగా వినబడుట గమనించి ఆశ్చర్యపడును. ఆశ్చర్యపడవలసిన పని లేదు. హల్లులపై కూర్చున్న అచ్చులను కొంచెము ప్రక్కకు జరిపినాడు, అంతే. అదే అమరికలో పాట విన్నచో మాత్రము విసుగు పుట్టును. అది బుర్రలు తీసివేసిన కిన్నెరవలె సన్నగా, ఎండిపోయినట్లుండును. కావున పాఠమునకొక అమరికను, పాటకొక అమరికను పేరుపెట్టి దాచుకొను అలవాటు మంచిది. యాప్‌లలో అట్టి వసతి కలదు.

ఈక్వలైజరునకు హద్దు లేకపోలేదు. ఫోనులోని స్పీకరు గోరంతది. మంద్రనాదమునకు కావలసినంత గాలిని అది కదల్పజాలదు. ఒగ్గుకథలోని డోలు ఫోనులో రేకుడబ్బా వలె వినబడుచున్నచో 60 పట్టీని ఆకాశమున కెత్తినను లాభము లేదు. స్పీకరు పుట్టించిన నాదమును మాత్రము నిండుగా చేసికొనవచ్చును. ఉపాధ్యాయులు తరగతిలోనే ఈ ప్రయోగము చేయింపవచ్చును. ఎండిన సొరబుర్రను పైన కోసి, ఫోనులో స్పీకరున్న అంచును దాని నోటనుంచి, అదే పాటను వినిపింపవలెను. పిమ్మట మట్టికుండలోను, ఇత్తడి చెంబులోను ఉంచి చూడవలెను. మూడింటిలో మూడు తీరుల నాదము. మీటను తాకినది లేదు, బ్యాటరీ అధికముగా వ్యయమైనదియు లేదు. బుర్ర యేమి చేయునో అప్పుడు బాలురకు మాటలతో చెప్పనక్కరలేదు.

యాప్‌ల అంగడిలో బూస్టరులను జాతి యొకటి కలదు. సద్దును రెండింతలు చేయుదుమనియు, మూడింతలు చేయుదుమనియు అవి చాటుకొనును. ఫోనులో శబ్దతరంగము అంకెలుగా దాచబడి యుండును; ఆ అంకెలకొక గరిష్ఠపు హద్దు కలదు. సోలలో మానెడు పోసినచో పొర్లిపోవునది పొర్లిపోయినట్లే, హద్దు మించి పెంచిన తరంగపు శిఖరములు కత్తితో కోసినట్లు తెగి చదునగును. ఆ తెగిన అంచులనుండి మూలములో లేని నాదములు పుట్టి గరగరమనును. జాతరలో మైకు గరగరలు విన్నవారికి ఇది తెలియనిది గాదు. గోరంత స్పీకరు అట్లు బహుకాలము పనిచేసినచో చెడుటయు కలదు. మరియొక సంగతి. సద్దు పెంచుటకు వచ్చిన యాప్ ఫోనులోని పేర్ల పట్టికను, ఛాయాచిత్రములను చూచుటకు అనుమతి యేల అడుగవలెను? బావిలో పడిన బొక్కెనను తీయవచ్చినవాడు బీరువా తాళపుచెవి అడిగినట్లున్నది. అడిగినదానిని నిరాకరింపవలెను, మరల అడిగినచో యాప్‌నే తొలగింపవలెను.

ముసలివారి చెవులు కాలముచేత చెడును. బాలుర చెవులు చెడుట కాలముచేత గాదు. అందువలన వారి విషయమున దిగులు ఎక్కువ. 2020లో కరోనా మూలమున బడులు మూతపడియున్నప్పుడు, సెప్టెంబరు 1వ తేదీ నుండి తెలంగాణములో దూరదర్శన్ యాదగిరి ద్వారాను, టీ-శాట్ ద్వారాను మూడవ తరగతి మొదలు పదవ తరగతి వరకు పాఠములు ప్రసారమయ్యెను. యాదగిరి యనునది నల్లగొండ సీమలోని గుట్ట పేరే. టీవీ లేని యింట ఫోనే బడి యైనది. ఒకే గదిలో అన్నకొక పాఠము, చెల్లెలికొక పాఠము వినవలసి వచ్చినచోట ఇయర్‌ఫోనులు తప్పనిసరి యైనవి. బడులు తెరచిన పిమ్మట ఆ పాఠములు వెనుకబడినవి. ఇయర్‌ఫోనులు మాత్రము చెవులలోనే నిలిచినవి.

చెవి లోపల నత్తగుల్ల యాకృతిగల అంగములో సుమారు పదునైదు వేల రోమకణములు కలవు. శబ్దమును నాడికి అందించునవి అవియే. కోడిపిల్లలో ఈ కణములు నశించినను మరల మొలచును. మానవుని చెవిలో మొలవవు. ఈ కారణముననే ప్రపంచ ఆరోగ్యసంస్థయు, అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సమాఖ్యయు కలిసి 2019లో వినికిడికొక మోతాదును ప్రకటించినవి. పెద్దలకు 80 డెసిబెళ్ల చొప్పున వారమునకు 40 గంటలు. బాలురకు 75 డెసిబెళ్ల చొప్పున 40 గంటలు. 3 డెసిబెళ్లు పెరిగినకొలదియు కాలము సగమగును. పెద్దల లెక్కలో 83 వద్ద 20 గంటలు, 86 వద్ద 10 గంటలు, 89 వద్ద 5 గంటలు. 98 వద్ద వారమంతటికి 37 నిమిషములే మిగులును. గణితోపాధ్యాయులు గుణశ్రేఢి పాఠమునకు ఇంతకంటె దగ్గరి యుదాహరణమును వెదకనక్కరలేదు.

ఊరి బస్సులో కళాశాలకు పోవు విద్యార్థి ఇంజిను ఘోషను మించవలెనని మీట పెంచును. బస్సు దిగిన పిమ్మట తగ్గించుట మరచును. ఘోష పోయినది, మెట్టు నిలిచినది. చెవిని కొంత గట్టిగా మూయు ఇయర్‌ఫోనులు వాడినచో బయటి ఘోష లోనికి రాదు గనుక పెంచవలసిన పనియే యుండదు. కాని త్రోవ నడుచువాడు అట్టివి ధరించినచో వెనుకనుండి వచ్చు లారీ మోతయు వినబడదు. అవి బస్సులో కూర్చుండువారికే తగినవి. కొన్ని ఫోనులలో మీడియా పరిమితి యను అమరికయు, దానికొక రహస్యసంఖ్యయు కలవు. ఇంటి పెద్దలు ఆ సంఖ్యను తమయొద్ద నుంచుకొనవచ్చును. మన దేశమున 2000 నాటి శబ్దకాలుష్య నియమముల ప్రకారము విద్యాలయము చుట్టును నూరు మీటర్లు నిశ్శబ్దమండలము. బడి ప్రక్కన లౌడుస్పీకరు మ్రోగినచో ప్రధానోపాధ్యాయుడు ఫిర్యాదు చేయగలడు. కర్ణభేరికి అంగుళము దూరమున మ్రోగు లౌడుస్పీకరును గూర్చి ఎవరికి ఫిర్యాదు చేయుదుము?

ఒక చెవి వినబడని బాలుడు తరగతికొకడైనను ఉండవచ్చును. అతడా సంగతి చెప్పుకొనడు, ఉపాధ్యాయుడు గమనింపడు. రెండు చెవులకు రెండు భాగములుగా పంచి రికార్డు చేసిన పాఠమును విన్నచో అతనికి సగమే అందును. ఫోను అమరికలలో మోనో అను మీటను తాకినచో రెండు భాగములును కలిసి రెండు వైపులను వినబడును. ఆ మీటను చూపినవాడు ఆ బాలునికి సగము పాఠమును తిరిగి ఇచ్చినవాడగును. 2019లో గూగుల్ సంస్థ వెలువరించిన సౌండ్ యాంప్లిఫయర్ అను యాప్ ఇంకొక యడుగు ముందునకు పోయినది. ఫోను మైకు పట్టిన చుట్టుప్రక్కల మాటలలో మెల్లనివానిని పెంచి, రొదను తగ్గించి, ఇయర్‌ఫోనుల ద్వారా వినిపించును. ఏ చెవికెంత కావలెనో వేర్వేరుగా అమర్చుకొనవచ్చును. వైద్యుడు పరీక్షించి ఇచ్చు వినికిడి యంత్రమునకు ఇది బదులు గాదు. ఆ యంత్రము చేతికందు వరకు చివరి బల్లపైనున్న బాలునికిది యూత.

మొదటి యింటికి మరల వచ్చినచో, అచట ఒక అడ్డంకి కలదు. సాధారణముగా ఫోను సంభాషణలోని గొంతును ఈక్వలైజరు యాప్‌లు తాకజాలవు. ఆ తూము బయటివారికి తెరువబడదు. మనుమడు ఎన్ని యాప్‌లు తెచ్చి పెట్టినను తండ్రి పిలిచినప్పుడు వచ్చు గొంతు వచ్చినట్లే యుండును. అయితే తండ్రి అదే మాటను రొద లేని చోట నిలుచుండి, ఫోనును నోటి దాపున నుంచుకొని, నిదానముగా పలికి, రికార్డు చేసి వాట్సాప్‌లో పంపినచో, అది ఫోనునకు పిలుపు గాదు, పాటవంటిది, పాఠమువంటిది. మీడియా తూములోనుండి వచ్చును గనుక ఈక్వలైజరు దానిపై పనిచేయు వీలు కలదు. మనుమడు 60, 230 పట్టీలను దించును, 3600 పట్టీని ఎత్తును, సద్దును పదవ మెట్టుకడ నిలుపును, ఇయర్‌ఫోనును నాయనమ్మ చెవిలో అమర్చును.

మొదటిసారికి ఆమె తల అడ్డముగా ఆడించును. రెండవసారి కనుబొమలు ముడివేసి వినును. పిలుపులో తప్పిపోయిన మాట తప్పిపోయినదే. ఇచట అడిగినన్ని పర్యాయములు వినవచ్చును. మూడవసారికి సకారము చెవిని బడును. "దసరకొస్తడంట!" అని ఆమె లేచి, చెవినుండి తీగ జారిపడినదని కూడ ఎరుగక, పొరుగింటి గడపకు చెప్పబోవును.